వెర్లీ వయసు

మిల్లు సూపరింటెండెంటు క్రెన్షా చర్చి గంటగదిలో కాలు పెట్టడం అక్కడ గంట కొట్టే ఆర్ఫా టీగ్ పదకొండేళ్ళలో ఎన్నడూ చూడలేదు. ఆదివారం వచ్చిందంటే ఆ పెద్దమనిషి ముందు వరసలో మెత్త వేసిన బల్ల మీద కూర్చుంటాడు, ప్రసంగం సగంలో కునుకు తీస్తాడు, చివరి పాటకు లేచి అందరికన్నా గట్టిగా పాడతాడు. గంట ఎవరు కొడుతున్నారో ఆయనకెందుకు? అలాంటివాడు శుక్రవారం పొద్దున చంకలో ఒక బైబిలు పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీశాడంటేనే ఆర్ఫాకు అర్థమైంది, ఈయనకు తనతో గట్టి పనే పడిందని.

"ఏమ్మా ఆర్ఫా, మధ్యాహ్నం సిస్క్ వాళ్ళ పిల్లకి గంట కొట్టేది నువ్వేగా?"

"నేను కాక మీరు కొడతారా అయ్యా?"

"వేళాకోళాలొద్దు. ఎన్ని కొడతావు?"

ఆర్ఫా తాడు చివర ముడి సవరించుకుంది. ఎన్ని కొట్టాలో బెతెల్ షోల్స్‌లో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. శవపేటిక చర్చి ముంగిట్లోకి రాగానే గంట మొదలవుతుంది. పోయిన మనిషి ఎన్నేళ్ళు బతికితే అన్ని దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక ఊపిరి పీల్చి వదిలేంత వ్యవధి. ఊళ్ళో వాళ్ళు చేతిలో పని ఆపి లెక్కపెడతారు. డెబ్భై దాటితే అదృష్టవంతుడనుకుంటారు. ఇరవై లోపు ఆగిపోతే ఎవరూ ఏమీ అనరు, మళ్ళీ పనిలో తల దూర్చేస్తారు.

బుధవారం నాడు స్పిన్నింగ్ హాల్లో వెర్లీ సిస్క్ జడ మిషను బెల్టులో చిక్కుకుంది. అంతకన్నా చెప్పడానికి చూసినవాళ్ళకెవరికీ నోరు రాలేదు. నూలు వడికే ఫ్రేము ఎత్తు అందక ఆ పిల్ల ఒక సబ్బుపెట్టె మీద నిలబడి తెగిన పోగులు అతికేది. ఆ సాయంత్రానికల్లా ఆ పెట్టె మాయమైంది. బాయిలర్లో వేసి తగలబెట్టారని అక్కడ బొగ్గు వేసేవాళ్ళే చెప్పారు. పన్నెండేళ్ళ పిల్లకు నిలబడడానికి పెట్టె ఎందుకని రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?

పన్నెండు నిండని పిల్లల్ని మిల్లుల్లో పెట్టుకోకూడదని కరోలినా రాష్ట్రం చట్టం చేసి రెండేళ్ళయింది. చట్టం వచ్చాక బెతెల్ షోల్స్ మిల్లు పిల్లల్ని మానిపించలేదు, వాళ్ళ వయసులు పెంచింది. ప్రతి ఇంటి బైబిలులోనూ పాత నిబంధన, కొత్త నిబంధన భాగాల నడుమ పుట్టుకలు రాసుకునే పేజీ ఒకటుంటుంది. తల్లో తండ్రో ఆ పేజీ చూపించి సంతకం పెడితే చాలు, పిల్ల పెద్దదైపోతుంది.

క్రెన్షా చంకలోని బైబిలు తీసి సరిగ్గా ఆ పేజీ దగ్గరే తెరిచాడు.

"ఇది డోవీ సిస్క్ ఇంటి బైబిలు. వెర్లీ పుట్టిన సంవత్సరం చదువు."

ఆర్ఫా చదవలేదు. చదవాల్సిన అవసరం లేదు. ఆ ఊళ్ళో సగం మందికి రాయడం రాదు. తనకు చక్కటి చేతిరాత ఉందని తల్లులంతా పుట్టుకలు తన చేతే రాయించుకున్నారు. మొన్న వసంతంలో డోవీ ఏడుస్తూ వచ్చింది. మిల్లు ఇళ్ళలో గదికొకరు చొప్పున పనిలోకి రావాలన్నది కంపెనీ పద్ధతి. మొగుడికి ఊపిరితిత్తులు చెడిపోయి మంచం పట్టాడు, మూడు గదులకు పనిలోకి వెళ్ళేవాళ్ళు ఇద్దరే మిగిలారు. "ఒక్క అంకె, అక్కా. ఒక్క అంకె మారిస్తే మేం రోడ్డున పడం" అంది. ఆర్ఫా కత్తిమొనతో పాత అంకె గీకి, కొత్త అంకె రాసింది. అలా ఆ ఏడాదిలో ఏడు బైబిళ్ళు గీకింది.

మంగళవారం మంగళవారం అదే ఆర్ఫా స్త్రీల పరిచర్య సంఘంలో కూర్చుని, పిల్లల్ని మిల్లుల నుంచి తప్పించాలని రాజధానికి పంపే అర్జీ రాసేది. కలం అదే, సిరా అదే. అది గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా మళ్ళీ మంగళవారం వెళ్ళి కూర్చునేది.

"ఇది ఎవరి దస్తూరీనో నాకు తెలుసు," అన్నాడు క్రెన్షా మెల్లగా. "సోమవారం రాజధాని నుంచి విచారణకి మనిషి వస్తున్నాడు. దారిలో ఎవర్నడిగినా వెర్లీకి గంట ఎన్ని కొట్టిందో చెప్తారు. పన్నెండు కొట్టు. లేదా అసలు కొట్టకు, జలుబు చేసిందనో చెయ్యి బెణికిందనో చెప్పు. తొమ్మిది కొట్టావనుకో, ఈ పేజీ చర్చి సంఘమంతటి ముందూ తెరుస్తా. దేవుడి పుస్తకం గీకిన మనిషిని ఈ తాడు ముట్టుకోనిస్తారా? సాయంత్రానికి వెనకున్న గుడిసె కూడా ఖాళీ చెయ్యాల్సొస్తుంది."

"చర్చి దేవుడిదనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ."

"చర్చి దేవుడిదే. ఇటుకలు కంపెనీవి," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆర్ఫాకు భయం వేసింది, అందులో దాచేదేమీ లేదు. యాభై మూడేళ్ళు వచ్చాయి, మొగుడు పోయాడు, నూలు దుమ్ముకు సగం ఊపిరి పోయింది. ఈ తాడూ, వెనక ఒంటిగది గుడిసె తప్ప ఆమెకు ఇంకేమీ లేవు. దానికన్నా పెద్ద భయం ఇంకొకటి. ఆ పేజీ తెరిచాక ఊళ్ళో ఏ ఇల్లాలి ముఖమైనా ఎలా చూస్తుంది?

శాలువా కప్పుకుని డోవీ ఇంటికి నడిచింది. దారిలో పాస్టరు లాకీ ఎదురయ్యాడు. జీతం కంపెనీ ఇస్తుంది, దేవుడి మాటలు మాత్రం సొంతంగా వెతుక్కోవాలి పాపం. ఆయన మెడకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"గొంతు పట్టేసిందమ్మా. ఇవాళ ప్రార్థన క్లుప్తంగానే..."

"క్లుప్తంగానే కానివ్వండి పాస్టరు గారూ. ఆ పిల్ల బతుకూ క్లుప్తంగానే అయిందిగా."

డోవీ ఇంట్లో ముందుగదిలో రెండు కుర్చీల మీద బల్లచెక్క వేసి వెర్లీని పడుకోబెట్టారు. మంత్రసాని పెర్మీలియా గాడీ పక్కన కూర్చుని, నశ్యం బుగ్గన పెట్టుకుని, దువ్వెనతో పిల్ల జుట్టులోని దూది పీచు తీస్తోంది. పరిచర్య సంఘానికి పెద్ద ఆవిడే. ఊళ్ళో పిల్లలందరూ ఆవిడ చేతుల్లోకే పుట్టారు. డోవీ గోడకానుకుని నేల మీద కూర్చుంది. కన్నీళ్ళు ఎప్పుడో అయిపోయినట్టున్నాయి.

"క్రెన్షా వచ్చాడా?" అంది డోవీ. "నా దగ్గరికీ వచ్చాడు. బైబిలు పట్టుకుపోయాడు. పన్నెండే కొట్టక్కా."

"డోవీ."

"నాకింకా ఇద్దరున్నారు. ఆయన ఆ గదిలో దగ్గుతున్నాడు, నువ్వే విను. తొమ్మిదని తెలిస్తే నేను దొంగ ప్రమాణం చేశానంటారు, ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. పోయిన పిల్లకి తొమ్మిదైతే ఏంటి, పన్నెండైతే ఏంటి? పన్నెండే కొట్టక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

 నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆర్ఫా గుండె తేలికపడింది. తల్లే అడుగుతుంటే ఇంక తనదేముంది? తర్వాత ఆ తేలికదనానికి సిగ్గుపడింది.

పెర్మీలియా దువ్వెన ఆపింది. "వరదొచ్చిన ఏడు పుట్టిందే ఇది. వంతెన కొట్టుకుపోతే నన్ను పడవలో తీసుకొచ్చారు. వరదొచ్చి తొమ్మిదేళ్ళేగా? ఆ వరదకి కూడా మీరు వయసు పెంచుతారా ఏంటి?"

"నువ్వూరుకో పెద్దమ్మా," అంది డోవీ.

అప్పుడు కంపెనీ బండి వచ్చింది. అందులో కంపెనీ పంపిన శవపేటిక ఉంది. మంచి పైన్ చెక్క, లోపల తెల్లగుడ్డ, పక్కన ఇత్తడి పిడులు. ఇద్దరు మనుషులు దాన్ని దించి లోపల పెట్టి, తలలు వంచుకుని బయటికి వెళ్ళిపోయారు. ఇంతకు ముందు కంపెనీ ఎవరికీ పేటిక పంపింది లేదు.

డోవీ లేచింది. పిల్లను తనే రెండు చేతుల్లో ఎత్తి, అందులో పడుకోబెట్టింది. గౌను సర్దింది, పాదాలు కలిపింది. అక్కడ ఆగిపోయింది.

వెర్లీ పాదాల కింద మూరకు పైగా ఖాళీ. పేటిక పన్నెండేళ్ళ పిల్ల కొలతకు చేశారు. కాగితంలో ఉన్న పిల్లకు అది సరిపోయేదే. డోవీ మంచం మీది దుప్పటి తెచ్చి ఆ ఖాళీలో కుక్కింది. సరిపోలేదు. తన శాలువా తీసి కుక్కింది. ఇంకా మిగిలింది. వంటింట్లోకి వెళ్ళి పిండిసంచి గుడ్డలు తెచ్చింది. ఆ గుడ్డలు పట్టుకుని పేటిక దగ్గర నిలబడి, ఒక్కసారి గట్టిగా అరిచింది. మాటలేమీ లేవు అందులో. లోపల మొగుడి దగ్గు కూడా ఆగిపోయింది.

"కాళ్ళు అందట్లేదక్కా," అంది. "అక్కడ ఫ్రేము అందలేదు. ఇక్కడ ఇది కూడా అందట్లేదు. నా బిడ్డని చచ్చాక కూడా పెట్టె మీద నిలబెడతారా వీళ్ళు?"

పెర్మీలియా లేచి ఆమె చేతిలోని గుడ్డలు అందుకుని ఖాళీలో సర్దింది.

"తొమ్మిది కొట్టు," అంది డోవీ. "పన్నెండు కొట్టావంటే నా గుమ్మం తొక్కకు."

"నా సంగతి కూడా బయటపడుతుందే," అంది ఆర్ఫా. "ఆ అంకె గీకింది నేను."

"నువ్వు గీకావు. నేను గీకించాను. ఇద్దరం కలిసే పోదాం."

పెర్మీలియా నశ్యం డబ్బా మూసి గౌను జేబులో వేసుకుంది. "నేను మన సంఘం వాళ్ళని కేకేసుకొస్తా. గంటగది గుమ్మం ఇరుకు, నలుగురు అడ్డం నిలబడితే ఈగ దూరదు. అందులో నేనొకదాన్నే ఇద్దరి పెట్టు."

మధ్యాహ్నం భోజనం వేళకు మిల్లు చక్రాలు ఆగాయి. ముప్పావు గంట విరామం. రొట్టె చేత్తో పట్టుకునే స్పిన్నింగ్ హాలు వాళ్ళూ, నేత హాలు వాళ్ళూ చర్చి ముంగిట్లోకి వచ్చారు. జుట్టు నిండా, కనుబొమల నిండా దూది. పట్నంలో వీళ్ళని దూదితలలని వెక్కిరిస్తారు. క్రెన్షా నల్లకోటు వేసుకుని, బైబిలు చేత పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. పేటిక గేటు దాటి లోపలికి వచ్చింది.

ఆర్ఫా తాడు పట్టుకుంది. అరచేతులు గౌనుకు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. వెనక గుమ్మంలో పెర్మీలియా, ఇంకా సంఘం ఆడవాళ్ళు ముగ్గురు భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు.

ఒకటి. రెండు. మూడు. బయట మాటలు ఆగిపోయాయి. నాలుగు. అయిదు. అయిదేళ్ళప్పుడు వెర్లీ ఇక్కడికొచ్చి తాడు పట్టుకుని ఊగుతానని మారాం చేసింది. ఆర్ఫా కసిరి పంపేసింది. ఆరు. ఏడు. ఒక్కసారి ఊగనిస్తే ఏం పోయేది? ఎనిమిది.

తొమ్మిది.

ఆర్ఫా తాడు రెండు చేతులా బిగించి పట్టుకుంది, గంట మళ్ళీ ఊగకుండా. పైన ఇత్తడి మోత సన్నగా తగ్గిపోయింది. ముంగిట్లో రెండు వందల మంది పదో దెబ్బ కోసం చూస్తున్నారు. ఊపిరి పీల్చి వదిలే వ్యవధి అయిపోయింది. ఇంకొకటి కూడా అయిపోయింది. గంట మోగలేదు.

"ఇంకా మూడు!" క్రెన్షా అరుపు గుమ్మం దాకా వచ్చింది. "కొట్టవే! ఇంకా మూడున్నాయి!"

"లెక్క అయిపోయిందయ్యా," అంది పెర్మీలియా, కదలకుండా. "మీకు తొమ్మిది దాటి లెక్క తెలిసినంత మాత్రాన పిల్ల అన్నేళ్ళు బతకలేదుగా."

"తప్పుకో ముసలిదానా. నేనే కొడతా."

"నన్ను తోసుకుని రండి మరి. మీరు ముట్టుకుంటే నేను ఇక్కడే పడిపోతా. పడ్డాక నన్ను లేపడం మీ తరం కాదు, ముందే చెప్తున్నా."

ముంగిట్లో ఎక్కడో ఎవరో పకపకా నవ్వి, నవ్వు నొక్కుకున్నారు. క్రెన్షా మొహం కందగడ్డలా అయింది. జనం వైపు తిరిగి బైబిలు పైకెత్తాడు. "ఇదుగో దేవుడి పుస్తకం! ఇందులో పుట్టిన సంవత్సరం రాసుంది, లెక్కేస్తే పన్నెండేళ్ళు. ఆ గంట అబద్ధం చెప్తోంది!"

ఆర్ఫా తాడు కొక్కేనికి చుట్టి, పెర్మీలియా భుజం మీద చెయ్యేసి, బయటికి వచ్చింది. మెట్ల మీద క్రెన్షా పక్కనే నిలబడింది. సాక్ష్యాల కూడికలో ఎన్నోసార్లు లేచి మాట్లాడిన మనిషే. ఇవాళ మాత్రం తన తప్పే చెప్పాలి.

"గంట అబద్ధం చెప్పలేదు. నా చెయ్యి చెప్పింది," అంది. "అందులో ఉన్న సంవత్సరం నేను రాసిందే. అసలు అంకె గీకి, తొమ్మిదేళ్ళ పిల్లని పన్నెండు చేశాను. కావాలంటే కాగితం ఎండకి పెట్టి చూడండి, గీకిన చోట వెలుతురు కనపడుద్ది. డోవీది ఒక్కటే కాదు, ఏడిళ్ళ పిల్లలవి అలాగే గీకాను. ఒక్కొక్క పిల్ల దగ్గర్నుంచి మూడేసి ఏళ్ళు, నాలుగేసి ఏళ్ళు దొంగిలించాను. దేవుడు నన్నేం చేస్తాడో ఆయనిష్టం. కానీ ఆ అంకె ఎందుకు గీకాల్సొచ్చిందో ఈ పెద్దమనిషిని కూడా అడగండి. గదికొక మనిషిని పంపమన్నదెవరు? పిల్ల కాళ్ళ కింద సబ్బుపెట్టె వేసిందెవరు? బుధవారం సాయంత్రం దాన్ని తగలబెట్టిందెవరు?"

"నీకు మతి పోయింది," అన్నాడు క్రెన్షా.

"మొన్న వసంతంలో పోయిందయ్యా. ఇవాళే తిరిగొచ్చింది."

డోవీ పేటిక దగ్గర్నుంచి నడిచి వచ్చింది. ఒక్క మాట అనకుండా క్రెన్షా చేతిలోంచి బైబిలు లాక్కుంది. ఆయన వదిలేవాడు కాదు గానీ, రెండు వందల జతల కళ్ళు చూస్తున్నాయి. వదిలాడు. అప్పుడే మిల్లు కూత వేసింది, విరామం అయిపోయిందని.

ఎవరూ కదల్లేదు. ఒక్క మనిషి కూడా కదల్లేదు. కూత రెండోసారి వేసింది. నేత హాలు మేస్త్రీ ఒకడు తడబడుతూ గేటు వైపు రెండడుగులు వేసి, వెనక ఎవరూ రాకపోయేసరికి మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. పాస్టరు లాకీ జనాన్ని చూశాడు, క్రెన్షాని చూశాడు, పేటిక చివర కుక్కిన గుడ్డల్ని చూశాడు. మెడకు చుట్టుకున్న గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"మన చెల్లి వెర్లీ సిస్క్," అని మొదలుపెట్టాడు, గొంతు ఏ మాత్రం పట్టెయ్యకుండా, "తొమ్మిది సంవత్సరాల వయసులో..."

పిల్లను పూడ్చాకే జనం మిల్లుకు వెళ్ళారు.

క్రెన్షా అన్న మాట నిలబెట్టుకున్నాడు, అలాంటి విషయాల్లో ఆయన మహా నిజాయితీపరుడు. పొద్దు వాలకముందే మనుషుల్ని పంపి ఆర్ఫా పెట్టె, మంచం, రెండు కుండలు, దీపం రోడ్డు పక్కన పెట్టించాడు. గంటగదికి కొత్త తాళం వేయించాడు. ఆర్ఫా తన పెట్టె మీద కూర్చుని ఆ తాళాన్ని చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పెర్మీలియా ఇంట్లో ఒక మూల ఉంది, అక్కడికి వెళ్ళాలి. కాసేపు కూర్చుని వెళదామనుకుంది.

ముందు డోవీ వచ్చింది. బైబిలు తెరిచి ఆమె ఒళ్ళో పెట్టింది.

"నిజం రాయక్కా."

ఆర్ఫా పెట్టెలోంచి సిరాబుడ్డీ, కలం, చిన్నకత్తి తీసింది. కత్తిమొన ఆనించగానే కాగితం చిరిగిపోయింది. ఒకసారి గీకిన కాగితం రెండోసారి ఓర్చుకోలేదు. అంకె ఉన్నచోట బొక్క పడింది. ఆర్ఫా ఆ బొక్కను అలాగే వదిలి, పక్కన అంచులో తన చక్కటి దస్తూరీతో రాసింది. వెర్లీ, తొమ్మిదేళ్ళు. కింద తన పేరు కూడా రాసింది.

తలెత్తి చూస్తే డోవీ వెనక ఇంకొకామె ఉంది, శాలువా కింద బైబిలు దాచుకుని. ఆమె వెనక ఇంకొకరు. మిల్లు వదిలిన వేళ, జుట్టులో దూది కూడా దులుపుకోకుండా వచ్చారు. ఆర్ఫా లెక్కపెట్టింది. ఏడిళ్ళు కాదు. పదకొండు మంది ఉన్నారు. తను గీకనివి కూడా ఎవరో గీకారన్నమాట.

రోడ్డవతల క్రెన్షా గుర్రబ్బండి ఆపి చూస్తున్నాడు.

"పేర్లన్నీ రాసుకుంటున్నా నేను!" అని అరిచాడు. "ఇందులో ఒక్కరికి కూడా సోమవారం ఇల్లుండదు!"

"రాసుకోండయ్యా," అంది పెర్మీలియా లైను చివర్నుంచి. "అందర్నీ పంపించేశాక కదుళ్ళ దగ్గరికి మీ ఆవిణ్ణి పంపండి. విసనకర్ర విసరడంలో చెయ్యి బాగా తిరిగిందిగా!"

లైనులో నవ్వులు లేచాయి. కానీ ముందున్నామె నవ్వలేదు. ఆమె కొడుకు రేపు పొద్దున మళ్ళీ అదే హాల్లో పోగులు అతకాలి. బైబిలు ఇచ్చి, బండి వైపు ఒకసారి దొంగచూపు చూసి, వంగి ఆర్ఫా చెవిలో గుసగుసగా అంది.

"మావాడికి ఎనిమిది."

ఆర్ఫా కలం సిరాలో ముంచి ఆగింది.

"గట్టిగా చెప్పమ్మా," అంది. "అందరికీ వినపడాలి."